టీటీకి మొదటిసారి వెళ్తుంటే సీనియర్ రేసు వదిలేయండి

టీటీ అంటే బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో, ఊళ్ళనీ కొండనీ చుట్టివచ్చే మామూలు రోడ్ల మీద ఏటా జరిగే మోటార్‌సైకిల్ రేసులు. 2025 జూన్ 7న అక్కడ సీనియర్ టీటీ రద్దయింది. కొండ మీద గాలి మరీ ఎక్కువగా ఉండటమే కారణం. రెండు వారాల సందడికి చివర్లో రావలసిన పెద్ద రేసు, అందరూ ఏడాది పొడుగునా చెప్పుకునే రేసు, జరగనే లేదు. నాకు తెలిసిన ఒకతను సరిగ్గా ఆ రేసు కోసమే వెళ్ళాడు. సెలవులు తక్కువ, ఖర్చు ఎక్కువ, కాబట్టి ఉన్న రేసుల్లో పెద్దది ఒకటి చూసి వచ్చేద్దామని లెక్క వేసుకున్నాడు. అతను పంపిన ఫొటోల్లో రాతి గోడలున్నాయి, రెయిన్‌కోట్లలో జనం ఉన్నారు, ఒక పబ్ బోర్డు ఉంది. బైకు మాత్రం ఒక్కటీ లేదు.

పాపం అనుకుని వదిలేయొచ్చు. కానీ వచ్చే ఏడాది నేనూ మొదటిసారి వెళ్దామనుకుంటున్నాను కనుక ఆ ఫొటోలు నన్ను వదల్లేదు. చదివిందీ, విన్నదీ, గంటల తరబడి ఆన్‌బోర్డ్ వీడియోలు (బైకు మీది కెమెరాతో తీసినవి) చూసి తెలుసుకున్నదీ అంతా కలిపి ఆలోచిస్తే నాకొక అభిప్రాయం కుదిరింది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు సీనియర్ కోసం వెళ్ళకూడదు. మాటవరసకి చెప్పడం కాదు, రేసు వారాన్నే పక్కన పెట్టి, దానికి ముందు రైడర్లు రోడ్డు నేర్చుకుంటూ రేసులకి అర్హత కోసం తిరిగే క్వాలిఫయింగ్ వారానికి వెళ్ళాలి అంటున్నాను.

ఈ మాట నా స్నేహితుడితో అంటే ఫోన్లోనే నవ్వాడు. "పెళ్ళికెళ్ళి ముహూర్తానికి ముందే వచ్చేస్తావా? ఎవరు గెలిచారో చూడకుండా వచ్చేసేవాడివి అంత దూరం వెళ్ళడం దేనికిరా?" అన్నాడు. ఇద్దరం కలిసి వెళ్దామనుకున్న ప్రయాణం అది. ఆ రోజు నుంచి మా మధ్య ఈ వాదన నడుస్తూనే ఉంది. ఇక్కడ రాస్తున్నదంతా ఒక రకంగా అతనికి జవాబే.

గెలుపు కంటికి కనపడదు

వాడి ప్రశ్నలో ఒక తప్పు లెక్క ఉంది. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి ఎవరు గెలిచారో అసలు కనిపిస్తుందా?

టీటీలో అందరూ ఒకేసారి బయల్దేరరు. పది సెకన్లకి ఒకరు చొప్పున వదులుతారు. పోటీ గడియారంతో. మీ ముందు నుంచి మొదట వెళ్ళినవాడు రేసులో ఆరో స్థానంలో ఉండొచ్చు, నాలుగోగా వెళ్ళినవాడు ముందంజలో ఉండొచ్చు. చెవిలో రేడియో లేకపోతే ఏం జరుగుతోందో అంతుపట్టదు. పైగా ఒక ల్యాప్ (కోర్సు చుట్టూ ఒక రౌండు) 37.73 మైళ్ళు, అంటే 60 కిలోమీటర్ల పైచిలుకు. 2023లో పీటర్ హిక్‌మన్ పెట్టిన ల్యాప్ రికార్డు సగటున గంటకి 136.358 మైళ్ళు. ఆ వేగంతో తిరిగినా మళ్ళీ మీ ముందుకి రావడానికి పదహారున్నర నిమిషాలు పైనే పడుతుంది. సీనియర్ ఆరు ల్యాపులు. అంటే గెలిచేవాడు గంటా నలభై నిమిషాల్లో మీకు కనపడేది ఆరుసార్లు, ఒక్కోసారి రెండు మూడు సెకన్లు. గెలిచిన సంగతి మీకు రేడియోలో తెలుస్తుంది. ఆ మాటకొస్తే ఇంట్లో కూర్చుని లైవ్ పాస్ కొనుక్కున్నవాడికి మీకంటే బాగా తెలుస్తుంది.

మరి అంత దూరం వెళ్ళి చూసేది ఏమిటి? ఆ రెండు మూడు సెకన్లే. ఇంటి గోడకీ ఎదురింటి గోడకీ మధ్య నుంచి, మనం రోజూ నడిచే లాంటి రోడ్డు మీద, అంత వేగంతో ఒక మనిషి దూసుకుపోవడం. కెమెరా ఆ వేగాన్ని చదును చేసేస్తుందని చూసొచ్చిన ప్రతివాళ్ళూ చెబుతారు. కిర్క్ మైకేల్ ఊరి వీధిలో నిలబడ్డవాళ్ళు బైకు కనపడకముందే నేల అదరడం తెలుస్తుంది అంటారు. బ్యారెగారో అనే చోట వాలు దిగువన బైకు సస్పెన్షన్ మొత్తం నొక్కుకుపోయి పొట్ట రోడ్డుకి రాసుకుంటుంది. చూడవలసింది అదైతే, అది క్వాలిఫయింగ్ లోనూ అదే వేగంతో, అదే రోడ్డు మీద జరుగుతుంది. ఇంకా ఎక్కువసార్లు జరుగుతుంది కూడా. ఒకే సాయంత్రం పెద్ద సూపర్‌బైకుల నుంచి సైడ్‌కార్ల దాకా (పక్కన ఇంకొకరు ఉండే మూడు చక్రాల బండ్లు) రకరకాల బళ్ళు చూడొచ్చు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్కతో పనిలేదు కనుక కళ్ళు అప్పగించి చూడొచ్చు.

క్వాలిఫయింగ్ లో నన్ను ఇంకొకటి లాగుతోంది. మొదటిసారి టీటీలో పాల్గొనేవాళ్ళు నారింజ రంగు జాకెట్ తొడుక్కుని తిరుగుతారు, వెనకొచ్చేవాళ్ళకి తెలియడానికి. ఆ కొత్తవాళ్ళు ఒక మలుపుని మొదటి సాయంత్రం ఎలా తీసుకున్నారు, నాలుగో సాయంత్రానికి ఎలా తీసుకుంటున్నారు, అదే మలుపులో మైకేల్ డన్‌లప్ ఏం చేస్తున్నాడు అన్నది ఒకేచోట నిలబడి పోల్చుకోవచ్చు. ఆ మైకేల్ మామూలువాడు కాదు, పెదనాన్న జోయీ డన్‌లప్ పేరు మీద ఇరవై ఏళ్ళకి పైగా ఉన్న 26 విజయాల రికార్డుని 2024లో దాటేశాడు. రేసు రోజున ఈ పోలిక కుదరదు. అప్పటికి కొత్తవాళ్ళూ రోడ్డు నేర్చేసుకుని ఉంటారు.

పగలు రోడ్డు మనది

రేసు రోజుల్లో రోడ్లు పొద్దున్నే మూసేస్తారు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే. వాతావరణం బాగోలేక రేసు వెనక్కి జరిగితే మూసిన రోడ్డు పక్కన సాయంత్రం దాకా కూర్చోవాలి. క్వాలిఫయింగ్ ఎక్కువగా సాయంత్రాలే. మే నెలాఖరుకి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అంటే పగలంతా ఆ రోడ్డు మామూలు రోడ్డే. బస్సులో, కారులో, కాలినడకన ఎలాగైనా తిరగొచ్చు. రాత్రి బైకు గాల్లోకి లేచిన బల్లా బ్రిడ్జిని పొద్దున వెళ్ళి చూస్తే అది మామూలు ఊరి వంతెన. బ్రే హిల్ మీద నిలబడితే అది ఇళ్ళున్న వీధి, జనం చెత్తడబ్బాలు బయట పెడుతుంటారు. పగలు చూసిన ఆ రోడ్డుని సాయంత్రం మళ్ళీ చూడటమే ఈ ప్రయాణమంతటికీ కేంద్రం అని నా నమ్మకం. రేసు వారంలో ఇది దాదాపు అసాధ్యం.

ఈ రోడ్ల మూత సంగతి నాకు సరిగ్గా అర్థమైంది ఒక ఇంటావిడ వల్ల. టీటీ రోజుల్లో హోటళ్ళు చాలవు కనుక ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళలో గదులు అద్దెకివ్వడానికి హోమ్‌స్టే అని ఒక అధికారిక ఏర్పాటుంది. అలా ఒకావిడకి రాస్తే, ఏ తేదీలని ఆవిడ అడగలేదు. రేసు ఎక్కణ్ణుంచి చూద్దామనుకుంటున్నారు అని అడిగింది. వాళ్ళిల్లు కోర్సు లోపలి వైపు ఉందట. రోడ్లు మూశాక లోపలివాళ్ళు బయటికి రావడం, బయటివాళ్ళు లోపలికి వెళ్ళడం పెద్ద తతంగం. "ముందు గోడకి ఏ పక్కన ఉండాలో తేల్చుకోండి, తర్వాత గది సంగతి చూద్దాం" అని రాసింది. నేను అప్పటిదాకా చూసిన పది ప్రయాణ సలహాల్లో ఈ మాట లేదు. అన్నిటిలోనూ చూడవలసిన చోట్లు ఇవీ అని జాబితా ఉంది. ఆ జాబితాలో సగం ఒక పక్క, సగం ఇంకో పక్క.

అందుకే నా పద్ధతి మార్చుకున్నాను. జాబితా చించేసి రైలు పటం తీశాను. ద్వీపం రాజధాని డగ్లస్ నుంచి లాక్సీ మీదుగా రామ్సీ దాకా తూర్పు తీరం వెంబడి మాంక్స్ ఎలక్ట్రిక్ రైల్వే నడుస్తుంది. 1890లలో వేసిన లైను. అది కోర్సుకి పూర్తిగా బయట ఉంది. రోడ్లు మూసినా డగ్లస్ నుంచి రామ్సీకి వెళ్ళి రావచ్చు. లాక్సీలో మారితే స్నేఫెల్ కొండ మీదకి వెళ్ళే ట్రామ్ ఉంది, అది బంగళా అనే చోట కోర్సు దగ్గరే ఆగుతుంది. జోయీ డన్‌లప్ విగ్రహం ఉన్నది అక్కడే. కాబట్టి ఉండటం డగ్లస్ లో, కోర్సు బయటి పక్క. చూడ్డం మూడు చోట్ల. బ్రే హిల్ దిగువన ఒక సాయంత్రం, రామ్సీలో ఒక సాయంత్రం, కొండ మీద వాతావరణం ఒప్పుకుంటే ఒక సాయంత్రం. కిర్క్ మైకేల్, బ్యారెగారో పడమటి వైపున్నాయి, వాటికి రోడ్లు మూయకముందే బస్సెక్కి పోవాలి, మళ్ళీ తెరిచేదాకా అక్కడే ఉండాలి. ఒక్కరోజు దానికీ సిద్ధమే.

బైకు తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఇంకో గొడవ. "బైకు లేకుండా బైకు రేసుకా" అని మావాడి ఎగతాళి. ఆ కొండ రోడ్డు మీద ఒక్కసారైనా సొంతంగా నడపాలని వాడి ఆశ. టీటీ రోజుల్లో ఆ రోడ్డుని రామ్సీ నుంచి డగ్లస్ వైపు వన్‌వే చేస్తారు. ఊళ్ళ బయట మామూలుగా స్పీడ్ లిమిట్ లేని ద్వీపం అది. ఈ రెండూ కలిస్తే రోడ్డు మీద ఎవరి తలలో ఏ హీరో తిరుగుతుంటాడో చెప్పలేం. ఇంతకంటే దీని గురించి నాకు చెప్పాలని లేదు. నేను ట్రామ్ ఎక్కుతున్నాను.

వాడి వాదనలో ఉన్న బలం

క్వాలిఫయింగ్ వారం మీద చెప్పగలిగిన అభ్యంతరాలు చాలానే ఉన్నాయి. మొదటిది, జనం. రేసు వారంలో డగ్లస్ సముద్రపు ఒడ్డు అంతా నిండిపోతుంది. ఆ హడావిడి లేని టీటీ సగం టీటీ అనేవాళ్ళున్నారు. నాకు జనం లేకపోవడమే ఇష్టం, కాబట్టి ఈ అభ్యంతరం నన్ను కదిలించలేదు. మీకు జనమే ఇష్టమైతే నా సలహా మీకు పనికిరాదు.

రెండోది వాతావరణం. గాలివల్ల, వానవల్ల, మంచువల్ల క్వాలిఫయింగ్ కూడా రద్దవుతుంది. కొండ మీద పొగమంచు దిగితే గాయపడ్డవాళ్ళని తీసుకెళ్ళే హెలికాప్టర్ ఎగరలేదు, అది ఎగరకపోతే బైకులూ కదలవు. సముద్ర దేవుడు మనన్నాన్ తన దుప్పటి కప్పాడని ద్వీపం వాళ్ళంటారు. ఒక వారంలో సాయంత్రం వెనక సాయంత్రం పోయిన సంవత్సరాలున్నాయి. ఒప్పుకుంటాను. కానీ ఒక సాయంత్రం పోతే ఇంకో సాయంత్రం ఉంది. సీనియర్ పోతే ఇక ఆ ఏడాదికి లేదు. 2012లోనూ సీనియర్ రద్దయింది. అంత దూరం వెళ్ళేవాడు ఆశంతా ఒక్క మధ్యాహ్నం మీద పెట్టుకోవడం నాకు మింగుడుపడదు.

మూడోదే గట్టిది. ఇదే కోర్సు మీద ఆగస్టులో మాంక్స్ గ్రాండ్ ప్రి జరుగుతుంది. జనం తక్కువ, గదులు దొరుకుతాయి, పాత క్లాసిక్ బైకులు కూడా వస్తాయి. రోడ్డే చూడాలనుకుంటే అక్కడికి వెళ్ళొచ్చు కదా? ఇంకాస్త ముందుకెళ్తే, ఉత్తర ఐర్లండ్‌లో మే నెలలో జరిగే నార్త్ వెస్ట్ 200 ఉంది. పోర్ట్‌స్టూవర్ట్, కోల్‌రేన్, పోర్ట్‌రష్ మధ్య 8.9 మైళ్ళ త్రికోణం. అక్కడ అందరూ గుంపుగా బయల్దేరతారు, ఎవరు ముందున్నారో కంటికి కనపడుతుంది, నాలుగైదు నిమిషాలకొకసారి మళ్ళీ మీ ముందుకొస్తారు. ఒక వారాంతం మాత్రమే చేతిలో ఉన్నవాడికి నేను నార్త్ వెస్ట్ నే చెబుతాను, టీటీ వద్దంటాను. మాంక్స్ గ్రాండ్ ప్రి విషయంలో మాత్రం నా దగ్గర బలమైన జవాబు లేదు. డన్‌లప్‌నీ, హిక్‌మన్‌నీ ఆ రోడ్డు మీద చూడాలన్న కోరిక తప్ప. కోరిక కూడా ఒక కారణమే అనుకుంటున్నాను.

ఇంట్లో అడిగిన ప్రశ్న

ఒక రాత్రి ఆన్‌బోర్డ్ వీడియో చూస్తుంటే మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. బైకు యూనియన్ మిల్స్ అనే ఊరు దాటేదాకా చూసింది. తర్వాత అడిగింది: "డబ్బు పెట్టి వెళ్ళి చూస్తున్నావంటే, ఎవరో ఒకరు పోవచ్చని తెలిసే వెళ్తున్నావు కదా?"

తెలిసే. 1911 నుంచి ఆ కోర్సు మీద 260 మందికి పైగా పోటీదారులు చనిపోయారు. 2022లో ఒక్క టీటీలోనే ఆరుగురు పోయారు. అందులో ఒకరు సైడ్‌కార్ నడిపే తండ్రి, ఇంకొకరు పక్కన కూర్చున్న కొడుకు. క్వాలిఫయింగ్ వారమైతే ఈ ప్రశ్న తప్పించుకోవచ్చనుకుంటే అదీ లేదు. ఆ ఆరుగురిలో ఒకరు క్వాలిఫయింగ్ లోనే పోయారు. దాన్ని రిహార్సల్ అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నా మామూలు జవాబు చరిత్ర చెప్పడం. 1972లో అక్కడ రైడర్ జిల్‌బెర్టో పార్లోట్టి చనిపోయాక, పదిసార్లు అక్కడ గెలిచిన జాకొమో అగోస్టినీ ఇక రానన్నాడు. ఇంకొందరూ అదే మాటన్నారు. 1976 తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి టీటీని తీసేశారు. బ్రిటిష్ గ్రాండ్ ప్రి సిల్వర్‌స్టోన్‌కి వెళ్ళింది. అప్పటి నుంచి పాయింట్ల కోసం, ఉద్యోగం పోతుందన్న భయంతో అక్కడికి రావలసిన పని ఎవరికీ లేదు. వచ్చేవాళ్ళు కావాలని వస్తున్నారు. 2008లో రాబర్ట్ డన్‌లప్ నార్త్ వెస్ట్ ప్రాక్టీసులో చనిపోతే, రెండు రోజులకి అదే రోడ్డు మీద కొడుకు మైకేల్ రేసు గెలిచాడు. వద్దనడానికి మనమెవరం?

ఈ జవాబు విని తను ఏమీ అనలేదు. నాకే అది చాలలేదు. వాళ్ళు కావాలని వస్తున్నారు నిజమే, కానీ గోడల పక్కన జనం లేకపోతే ఈ పందెం జరుగుతుందా? ఫెర్రీ టికెట్లు, గదులు, లైవ్ పాసులు కొనే నాలాంటివాళ్ళ డబ్బుతోనే కదా నడుస్తోంది. రైడర్ ఇష్టపడి ఎంచుకున్నాడన్న మాట రైడర్ విషయంలో సరిపోతుంది, చూసేవాడి విషయంలో సరిపోదు. ఇక్కడ నేను నిలబడ్డ చోటు గట్టి నేల కాదని నాకు తెలుసు. వెళ్తున్నాను, ఆ ఇబ్బందితోనే వెళ్తున్నాను.

ఒక్క విషయంలో మాత్రం అనుమానం లేదు. చూసేవాడి వల్ల ఇంకొకరికి ప్రమాదం రాకూడదు. 2007 సీనియర్ రేసులో ఒక రైడర్‌తో పాటు ఇద్దరు ప్రేక్షకులు కూడా చనిపోయారు. 2013లో బ్రే హిల్ దిగువన జరిగిన ప్రమాదంలో పదిమంది దాకా గాయపడ్డారు. నిషేధించిన చోట్లకి బోర్డులుంటాయి. కోర్సు పక్కన భద్రత చూసుకునే మార్షల్ జరగమంటే జరగాలి, అటూ ఇటూ వాదించకూడదు. ఇంకాస్త మంచి ఫొటో కోసం గోడెక్కినవాడి వల్ల సెషన్ ఆగిపోతే, ఆ సాయంత్రం వేలమందికి పోయినట్టే.

ఆ మార్షళ్ళంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే. కోర్సు పొడవునా ప్రతి సెషన్‌కీ వందలమంది కావాలి, తగినంతమంది లేకపోతే రోడ్డు మూయలేరు. పదహారేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా పేరిచ్చుకోవచ్చు, శిక్షణ వాళ్ళే ఇస్తారు. ఈ సంగతి చెబితే మా ఆవిడ "అయితే మొదటిసారే ఆ పని చెయ్యొచ్చుగా" అంది. చెయ్యొచ్చు. కానీ ఆ రోడ్డు ఒక్కసారీ చూడనివాణ్ణి, ఆ వేగం చూసి నాకెలా ఉంటుందో తెలియనివాణ్ణి, ఎవరైనా పడిపోతే పరుగెత్తవలసిన చోట ముందే నిలబెట్టుకోవడం నాకు సబబుగా తోచలేదు. రెండోసారి వెళ్తే మాత్రం నారింజ జాకెట్ కొత్తవాళ్ళని చూస్తూ కూర్చోను, మార్షల్‌గా పేరిస్తాను.

ఇప్పటికి తేలినవి

మంచం ముందు, ఫెర్రీ తర్వాత. చాలామంది తలకిందులుగా చేస్తారు. హీషమ్ నుంచో లివర్‌పూల్ నుంచో ఓడ దొరికినా, దిగాక పడుకోవడానికి చోటు లేకపోతే గుడారమే గతి. ద్వీపంలో గుడారం అంటే గాలితో కుస్తీ. ఈ వారం రోజులకీ గదులు, ఓడ టికెట్లు చాలామంది ఏడాది ముందే పట్టేసుకుంటారు, వెళ్ళొస్తూనే మళ్ళీ ఏడాదికి చెప్పేసి వస్తారు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకున్నాను, ఓడలకీ గాలి తగులుతుంది కనుక. సంచిలో వానకోటు, వెచ్చని బట్టలు, చిన్న రేడియో. క్వాలిఫయింగ్ కి రేడియో అంత అవసరం లేదని నేనే రాశాను, అయినా ఎందుకు ఆగిందో, ఎప్పుడు మళ్ళీ మొదలవుతుందో చెప్పేది అదే. మాంక్స్ నోట్లు బ్రిటన్ అంగళ్ళలో తీసుకోరని కూడా విన్నాను, మిగిలినవి దిగేముందే మార్చేసుకోవాలట.

మావాడు మాత్రం ఒప్పుకోలేదు. సీనియర్ వారానికే గది చూసుకున్నాడు. నేను తిరుగు ఓడ ఎక్కే రోజు పొద్దున వాడు దిగుతాడు. రేడియో వాడికిచ్చి రమ్మన్నాడు, దాని అవసరం నాకంటే వాడికే ఎక్కువని చివరికి ఒప్పుకున్నాడు.